మొదటి తొక్కుకే ఆగాలి

ఆ రోజు గ్యారేజీలో బ్రేక్ పెడల్ మీద కాలు పెట్టగానే, అది ఏ అడ్డూ లేకుండా మెత్తగా నేల దాకా పోయింది. కాలు తీసి మళ్లీ తొక్కా. ఈసారి సగంలో ఆగింది. మూడోసారి ఇంకాస్త పైనే ఆగింది. "హమ్మయ్య, పనిచేస్తోంది" అనుకున్నా. బండ్ల గురించి తెలిసినవాళ్లెవరైనా పక్కన ఉంటే ఆ మాటకే నా నెత్తి మీద మొట్టేవారు. రెండో తొక్కుకి పట్టేది బ్రేకు కాదు. ఆ ముక్క నా బుర్రకి ఎక్కడానికి ఆరు వారాలు పట్టింది. తొమ్మిది సీసాల బ్రేక్ ఆయిల్ ఖర్చయింది. చివరికి మా నాన్న ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని ఒక సంగతి బయటికి రావాల్సి వచ్చింది.

ముందు బండి సంగతి చెప్తా. మేము అమెరికాలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నేనూ, నా భార్యా ఇద్దరం సాఫ్ట్‌వేరే. రోజంతా కంటికి కనపడని వాటితో కుస్తీ పడతాం. సాయంత్రానికి ఏం చేశామంటే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అందుకే చేత్తో పట్టుకుని బాగుచేసే వస్తువు ఒకటి కావాలనిపించింది. కిందటేడాది ఒక పెద్దాయన దగ్గర 1972 మోడల్ షెవర్లే సీ-10 పికప్ ట్రక్కు కొన్నా. నాకంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్దది. పచ్చరంగు వెలిసిపోయి తెల్లబడింది. కానీ ఇంజిన్ తాళం తిప్పగానే అందుకుంటుంది. ఇక్కడ ఈ బండంటే పడిచచ్చేవాళ్లు బోలెడుమంది. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఆ ఆకారానికి అదే ఆఖరి సంవత్సరం.

చేత్తో పట్టుకునే వస్తువు అన్నది తనకి చెప్పిన కారణం. అసలు కారణం ఇంకోటుంది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్. జీపులు, వ్యాన్లు, టాటా 407లు ఆయన చేతి కిందకి వచ్చేవి. నేను బడి నుంచి నేరుగా షెడ్డుకి టిఫిన్ క్యారియర్ తీసుకెళ్లేవాణ్ని. డీజిల్ వాసన, లారీ బాడీలు కట్టేచోట సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు... నాకదే పెద్ద తిరనాళ్ల. కానీ నాన్న నన్ను ఒక్కరోజు కూడా పానా ముట్టుకోనివ్వలేదు. "ఇది పట్టుకున్న చెయ్యి పుస్తకం పట్టుకోదురా" అనేవాడు. పుస్తకమే పట్టుకున్నా. ఇంజినీరింగ్ చదివా, ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చా, ఉద్యోగం వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లకి, పధ్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, నాన్న ఆపలేని చోట పానా పట్టుకున్నా.

కొన్న నెలకి వెనక కుడి చక్రం లోపల తడి కనిపించింది. డ్రమ్ము విప్పితే వీల్ సిలిండర్ కారుతోంది. అదొక్కటి మారిస్తే అయిపోయేది. నేను ఊరుకోలేదు. వెనక రెండు వీల్ సిలిండర్లు, కొత్త షూలు, ముందు రెండు క్యాలిపర్లు, రబ్బరు గొట్టాలు, మాస్టర్ సిలిండర్... అన్నీ తెప్పించి ఒకే శని ఆదివారాల్లో మార్చేశా. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పే మొదటి మాట, "ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు. ఏది చెడగొట్టిందో తెలీదు" అని. ఆ శనివారం పొద్దున ఆ మాట నాకే గుర్తురాలేదు. ఫలితం మీకు మొదటే చెప్పా. కాలు నేల దాకా పోయింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బడిలో పాస్కల్ నియమం చదువుకున్నాం కదా. మూసి ఉంచిన ద్రవం మీద ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ ఒకేలా పోతుంది. బ్రేకులు దాని మీదే నడుస్తాయి. మనం పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ముందుకి కదిలి ఆయిల్‌ని తోస్తుంది. ఆ ఆయిల్ పైపుల్లోంచి పోయి వెనక షూలని డ్రమ్ముకి, ముందు ప్యాడ్లని డిస్కుకి అదుముతుంది. ఆయిల్ నొక్కితే నలగదు. గాలి నలుగుతుంది. పైపులో గుప్పెడు గాలి ఉంటే మన కాలి బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది, చక్రానికి చేరదు. అందుకే ఏ భాగం విప్పినా తర్వాత ఆ గాలిని బయటికి పంపాలి. ఆటోనగర్ భాషలో 'ఎయిర్ తీయడం'.

నాన్నకి ఫోన్ చేస్తే నవ్వాడు. "ఎయిర్ బ్రేకు లారీకి గాలి కూలీ రా. ఆయిల్ బ్రేకు బండికి గాలి దొంగ. దొంగ వెళ్లేదాకా తలుపు దగ్గరే కూచోవాలి" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. నేనే "చూసుకుంటాలే నాన్నా, వీడియోలున్నాయి" అని పెట్టేశా. అక్కడే మొదటి తప్పు జరిగింది. మనసులో ఏముందో దాచడం ఎందుకు? ఇంజినీరింగ్ చదివినవాణ్ని, ఏడో తరగతితో ఆపేసిన నాన్నని అడిగి చేస్తే ఇంక నేను చేసిందేముంటుంది అనిపించింది.

ఎయిర్ తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర. పైన ఉన్నవాళ్లు తొక్కి పట్టుకోవాలి. కిందున్నవాళ్లు నిప్పిల్ పావు చుట్టు వదులు చేస్తే ఆయిల్, దాంతోపాటు గాలి, గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. నిప్పిల్ మళ్లీ బిగించాకే పైవాళ్లు కాలు తీయాలి. ముందే తీస్తే ఆ నిప్పిల్‌లోంచే గాలి లోపలికి లాక్కుంటుంది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మా బండికి వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ వరస.

తనని సీట్లో కూచోబెట్టి నేను బండి కింద దూరా. "తొక్కు" అన్నా. తొక్కింది. "వదులు చేస్తున్నా" అన్నా. తనకి ఇంజిన్ పక్కనుంచి 'వదులు' మాత్రమే వినపడింది. కాలు వదిలేసింది. ఇలా రెండు చక్రాలు, రెండు గంటలు. నేను గాలి తీస్తున్నా అనుకుంటుంటే, మన తెలుగు మాట ఒకటి దాన్ని తిరిగి లోపలికి పంపుతోంది. సీసాలో బుడగలు ఎంతకీ ఆగకపోతే అప్పుడు వెలిగింది. ఇద్దరం నేలమీద కూచుని నవ్వుకున్నాం. "నువ్వు వదులు అంటే నేను ఇంకేం చేయాలి?" అంది. అప్పట్నుంచి మాకు మూడే మాటలు: తొక్కు, ఉండు, లే.

మాటలు మార్చినా పెడల్ మారలేదు. కొత్త మాస్టర్ సిలిండర్‌ని బండికి బిగించకముందే దాంట్లో గాలి తీయాలట. అది చేయలేదని తెలిసి మళ్లీ విప్పా. వైస్‌లో బిగించి, రెండు చిన్న గొట్టాలు తిప్పి దాని డబ్బాలోకే వంచి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ని నెమ్మదిగా నొక్కుతూ కూచున్నా. ఆ తొందరలో ఆయిల్ కాస్త ఫెండర్ మీద ఒలికింది. మర్నాడు చూస్తే అక్కడ పెయింటు పొక్కులొచ్చి ఊడింది. బ్రేక్ ఆయిల్ ఒలికితే వెంటనే నీళ్లు కుమ్మరించి కడిగేయాలన్నది కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. యాభై ఏళ్లు నిలిచిన రంగు ఒక్క రాత్రిలో పోయింది.

పెడల్ కాస్త మెరుగైంది. కానీ ఇంకా కిందకే ఉంది, ఇంకా మెత్తగానే ఉంది. నాన్న రోజూ అడిగేవాడు, "పెడల్ ఎలా ఉందిరా?" అని. నేను "వస్తోంది, వస్తోంది" అనేవాణ్ని. అయిదో వారానికి నాకు విసుగొచ్చింది. గ్యారేజీలో బండి నాలుగు స్టాండ్ల మీద నిలబడి ఉంది. తన కారు బయట ఎండలో ఉంటోంది. ఇంటికొచ్చిన స్నేహితులందరూ "ఎంతవరకొచ్చింది?" అని అడగడమే.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఈ బండికి ఇంతకుముందు ఓనర్ బయట దొరికే బూస్టర్ వేయించాడు. బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య ఒక చిన్న రాడ్డు ఉంటుంది. దాని చివర మర తిప్పితే పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది. రాడ్డు పొట్టిగా ఉంటే పెడల్ కొంతదూరం ఊరికే పోయి, ఆ తర్వాతే పిస్టన్‌ని తాకుతుంది. పెడల్ అంటే మీట కదా. పవర్ బ్రేకు బండ్లలో సుమారు నాలుగింతల మీట. రాడ్డు దగ్గర ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంటే కాలి దగ్గర నాలుగు మిల్లీమీటర్లు వృథా. లెక్క వేసుకుని, రాడ్డుని నాలుగు చుట్లు పెంచేశా.

పెడల్ అమాంతం పైకొచ్చింది. మొదటి తొక్కుకే పట్టింది. ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేశా.

"సెట్ అయిపోయింది నాన్నా."

"మొదటి తొక్కుకేనా?"

"ఆ, మొదటి తొక్కుకే."

"ఏం చేశావు?"

"ఎయిర్ మొత్తం పోయింది" అన్నా. అది అబద్ధం. ఎయిర్ పోలేదని నా కాలికి తెలుస్తూనే ఉంది. పెడల్ పైకొచ్చింది గానీ తొక్కితే స్పాంజి మీద కాలేసినట్టే ఉంది. కనపడే లక్షణాన్ని మాయం చేసి, జబ్బు తగ్గిందని చెప్పా. ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే నేను ఊరుకోను.

శనివారం సాయంత్రం ఇద్దరం ఆ బండిలోనే సరుకులకి బయల్దేరాం. తనకి అద్దం దించి చెయ్యి బయటపెట్టి కూచోవడం సరదా. మొదటి సిగ్నల్ దగ్గర బ్రేకు బాగా పట్టింది. రెండో సిగ్నల్ దగ్గర ఇంకా బాగా పట్టింది. పెడల్ రానురాను పైకొస్తూ గట్టిపడుతోంది. "చూశావా, సర్దుకుంటోంది" అన్నా గొప్పగా. మూడో సిగ్నల్ దాటాక బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంది. తను ముక్కు ఎగబీల్చి "ఏదో మాడుతోంది" అంది. ముందు ఎడమ చక్రం దగ్గర్నుంచి సన్నగా పొగ. పక్కనున్న షాపుల పార్కింగ్‌లోకి ఎలాగో తిప్పా. బ్రేకు మీద కాలు పెట్టలేదు. బండి దానంతటదే ఆగిపోయింది.

టైము ఆరున్నర. అక్కడ ఆదివారం తెల్లవారుజామున అయిదు. నాన్న ఆ వేళకి లేచే ఉంటాడు. ఫోన్ చేసి, పొగ దగ్గర్నుంచి చెప్పా. నాన్న తిట్టలేదు. "రాడ్డు ముట్టుకున్నావా?" అని ఒక్కటే అడిగాడు.

కాసేపు మాట్లాడలేకపోయా. "ఊఁ" అన్నా.

"పానాలున్నాయా? మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టి ఉంచే నట్లు రెండూ కాస్త వదులు చెయ్యి. పైపులు విప్పకు. ఊరికే కొంచెం ముందుకొస్తే చాలు. చక్రం ఫ్రీ అయితే రాడ్డే."

తను పక్కనుంచి "ఏది వదలాలి?" అంది. ఆ టెన్షన్‌లో కూడా ఇద్దరికీ నవ్వొచ్చింది. నట్లు రెండు చుట్లు తిప్పా. మాస్టర్ సిలిండర్ పిసరంత ముందుకి జరిగింది. గేరు న్యూట్రల్లో పెట్టి భుజంతో తోస్తే, అంతవరకూ గోడలా నిలబడ్డ బండి మెల్లగా కదిలింది.

నాన్న విడమరిచి చెప్పాడు. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే తెరుచుకునే సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీశాక పైపుల్లో ఎక్కువైన ఆయిల్ అందులోంచే తిరిగి డబ్బాలోకి పోవాలి. నేను రాడ్డు పొడవు చేయడంతో పిస్టన్ వెనక్కి రాలేదు, రంధ్రం మూసుకుపోయింది. ప్యాడ్లు డిస్కుని పట్టుకునే ఉన్నాయి. పట్టుకుంటే వేడి, వేడికి ఆయిల్ వ్యాకోచం, దాంతో ఇంకా గట్టి పట్టు. నేను 'సర్దుకుంటోంది' అని మురిసిపోయింది దీనికే. "ఇంకో నాలుగు మైళ్లు పోనిస్తే ఆయిల్ మరిగేది. మరిగితే ఆవిరి. ఆవిరంటే గాలే. అప్పుడు ఎంత తొక్కినా పెడల్ నేలకే" అన్నాడు. ఆ దారిలో ఇంకో అర మైలు పోతే హైవే ఎక్కుతాం. మేము ఎక్కాల్సింది అదే.

"తోలొద్దు. లాక్కెళ్లే బండిని పిలు" అన్నాడు. పిలిచా. అది రావడానికి గంట పడుతుందన్నారు. తను నీళ్ల సీసా కొనడానికి షాపులోకి వెళ్లింది. నేను ఫోన్ పెట్టేయబోతుంటే నాన్న "ఉండు" అన్నాడు.

"నువ్వు రెండో క్లాసులో ఉన్నప్పుడు ఒక పాల వ్యాన్ వచ్చింది. సంక్రాంతికి ముందురోజు సాయంత్రం. పెడల్ రెండో తొక్కుకి గానీ రావట్లేదు. కూచుంటే రెండు గంటల పని. ఓనరు పండగ పాలు పోవాలని నెత్తిమీద నిలబడ్డాడు. నాకూ ఇంటికి రావాలనే ఉంది. డ్రైవర్‌తో చెప్పా, 'రెండుసార్లు పంపింగ్ చేసి తొక్కు, పండగయ్యాక తీసుకురా' అని. మర్నాడు చీకటితో కాలవ గట్టు మీద సైకిల్‌కి గుద్దేశాడు. ఎదురుగా మనిషి వస్తే రెండుసార్లు తొక్కాలని ఎవడికి గుర్తుంటుందిరా?"

సైకిల్ మనిషి బతికాడు. కానీ కాలు మోకాలి కింద తీసేశారు. డ్రైవర్ మీద కేసు పెట్టారు. "నన్ను ఎవరూ ఏమీ అడగలేదు" అన్నాడు నాన్న. "ఆస్పత్రికెళ్లా. తలుపు దగ్గరే నిలబడి చూసొచ్చేశా. లోపలికెళ్లి నేనే అని చెప్పాలి కదా. చెప్పలేదు. మీ అమ్మకి కూడా తెలీదు."

నాకేమనాలో తోచలేదు. నాన్నకి ఆటోనగర్‌లో 'చాదస్తం' అని పేరు. బ్రేకు పని చేసిన ఏ బండినీ తనే రెండు కిలోమీటర్లు తోలి చూడకుండా తాళం ఇచ్చేవాడు కాదు. గిరాకీలు విసుక్కుని వేరే షెడ్డుకి పోయినా పట్టించుకునేవాడు కాదు. ఆ కోపం అమ్మకి కూడా ఉండేది. నాకు పానా ఇవ్వకపోవడం పుస్తకం కోసమే అనుకున్నా ఇన్నాళ్లూ.

"నువ్వు మొన్న మొదటి తొక్కుకే అన్నప్పుడు గొంతు తేడాగా ఉంది. అడుగుదామనుకున్నా. పెద్దవాడివి, చదువుకున్నావు కదా అని ఊరుకున్నా" అన్నాడు. చివర్లో "ఇంకోసారి ఊరుకోను" అని కూడా అన్నాడు.

తర్వాతి శనివారం రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టాం. నాన్నకి ఆదివారం పొద్దున ఆరున్నర. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి వీడియో ఆన్ చేశా. ఈసారి ఒక్కొక్కటే. నాన్న ఒకటి అయిందంటేనే రెండోదానికి.

మొదట రాడ్డు. దాన్ని ఎంతకి పెట్టాలో కొలవడానికి నా దగ్గర సాధనం లేదు. "చపాతీ పిండి ఉందా?" అన్నాడు. తను చిన్న ముద్ద తెచ్చింది. రాడ్డు చివర అంటించి, మాస్టర్ సిలిండర్ బిగించి, మళ్లీ విప్పి చూస్తే పిండి నలిగి ఎంత మందం మిగిలిందో అంతే ఖాళీ. అర మిల్లీమీటరు వచ్చేదాకా నాలుగుసార్లు విప్పి బిగించా. ఖాళీ అసలు లేకపోతే బ్రేకు పట్టేస్తుంది, మరీ ఎక్కువైతే పెడల్ కిందకి పోతుంది. పెడల్ ఎత్తు పెంచడానికి ఈ రాడ్డు వాడకూడదు, దాని కొలత దానికుంది. ఎత్తు తక్కువుందంటే కారణం ఇంకెక్కడో ఉన్నట్టే.

తర్వాత ఎయిర్. వెనక రెండు చక్రాలూ అయ్యాయి. ముందు కుడి చక్రం దగ్గరికి ఫోన్ తీసుకెళ్లి చూపించా. రెండు సెకన్లు కూడా పట్టలేదు.

"ఒరేయ్, నిప్పిల్ కింద ఉందేంట్రా?"

"అంటే?"

"గాలి పైకి పోతుందా, కిందకి పోతుందా?"

కుడి ఎడమ క్యాలిపర్లు తారుమారు చేసి బిగించా. రెండూ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, ఏ వైపైనా బోల్టులు పడతాయి. తేడా అల్లా నిప్పిల్ పైన ఉండాల్సింది కిందకి వస్తుంది. గాలి ఎప్పుడూ పైన చేరుతుంది. నేను కింద నిప్పిల్ తెరిచి ఆరు వారాలుగా మంచి ఆయిల్ పారబోస్తున్నా, దొంగ పైన హాయిగా కూచున్నాడు. ఎనిమిది సీసాలు అలా పోయాయి. అన్ని వీడియోలు చూసినవాణ్ని, ఏడో తరగతి పాఠం మర్చిపోయా. నాన్న కూడా ఏడుతోనే ఆపాడు గానీ, ఆయన ఆ పాఠం మర్చిపోలేదు.

రెండూ మార్చి బిగించేసరికి పదకొండు దాటింది. తొక్కు, ఉండు, లే. తొమ్మిదో సీసా. మొదటిసారి తెరిచినప్పుడు గోలీసోడా కొట్టినట్టు బుస్సుమంటూ బుడగలు వచ్చాయి. తర్వాత తగ్గుతూ తగ్గుతూ గొట్టంలో తేనెరంగు ఆయిల్ తీగలా నిలిచింది. మధ్యమధ్యలో మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ ఎంతుందో చూడమని నాన్న గుర్తుచేస్తూనే ఉన్నాడు. అది ఒక్కసారి ఖాళీ అయితే పనంతా మొదటికే.

పెడల్ ఇప్పుడు గట్టిగా ఉంది. కానీ ఇంకా కిందకే ఉంది. నాకు నీరసం వచ్చింది.

"మెత్తగా ఉందా, కిందకి ఉందా? రెండూ ఒకటి కాదు" అన్నాడు నాన్న. ఇదీ నేను ఆరు వారాలుగా కలిపేసిన సంగతే. మెత్తగా ఉంటే గాలి. గట్టిగానే ఉండి కిందకి ఉండి, రెండో తొక్కుకి పైకొస్తే షూలు డ్రమ్ముకి దూరంగా ఉన్నట్టు. తొక్కిపట్టుకుంటే నెమ్మదిగా కిందకి జారుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు కప్పు ఆయిల్ వదిలేస్తోంది. మూడింటికీ మూడు మందులు. నేను మూడింటికీ ఒకటే మందు పోస్తూ వచ్చా.

వెనక డ్రమ్ముల్లో షూల మధ్య పళ్లచక్రం ఒకటి ఉంటుంది. బండిని వెనక్కి నడుపుతూ బ్రేకు తొక్కితే అది దానంతటదే కొద్దికొద్దిగా సర్దుకుంటుంది. కానీ కొత్త షూలు వేశాక మొదటిసారి చేత్తోనే దగ్గరకి తేవాలి. ఆ పని నేను చేయనేలేదు. వెనక సందులోంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కో పన్ను తిప్పుతూ చక్రం తిప్పమన్నాడు. ఫోన్ డ్రమ్ము దగ్గర పెట్టించుకుని చెవితో చూశాడు. "ఇంకో పన్ను... ఇంకోటి... ఆఁ, గీరుతోంది. ఒక పన్ను వెనక్కి. చాలు." పధ్నాలుగు వేల కిలోమీటర్ల అవతల నుంచి ఫోన్లో ఆ శబ్దం ఎలా పట్టుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. రెండో వైపు కూడా అదే లెక్క.

అర్ధరాత్రి దాటాక తొక్కా. పెడల్ పైనే, గట్టిగా, మొదటి తొక్కుకే ఆగింది. నిమిషం తొక్కిపట్టుకోమన్నాడు, జారలేదు. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయమన్నాడు. పెడల్ కాస్త కిందకి దిగింది. బూస్టర్ పనిచేస్తోందన్నమాట. అంతా అయ్యాక కూడా రోడ్డెక్కొద్దన్నాడు. మర్నాడు ఖాళీగా ఉన్న పార్కింగ్‌లో నడకంత వేగంతో ఇరవైసార్లు ఆపించాడు. ప్రతిసారీ దిగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడమన్నాడు. అదీ అయ్యాకే "ఇంక తోలుకో" అన్నాడు. ఆ రెండు కిలోమీటర్ల చాదస్తం మొత్తం మా చేత చేయించాడు.

ఇప్పుడు ఆ బండి ఎక్కితే కదలకముందే ఒకసారి తొక్కి, పది అంకెలు లెక్కపెడతా. తను నడిపినా అంతే చేస్తుంది. ఎవరైనా చూస్తే నవ్వుతారేమో.

అమ్మకి ఆ పాల వ్యాన్ సంగతి నేను చెప్పలేదు. నాన్న చెప్పాలి, ఎప్పుడు చెప్తాడో ఆయనిష్టం. ఆ సైకిల్ మనిషి ఎక్కడున్నాడో వెతికించనా అని మొన్న అడిగా. చాలాసేపు ఏమీ అనలేదు. "సంక్రాంతికి వస్తావుగా. ఇద్దరం వెళ్దాంలే. కాలవ గట్టు మీదే ఇల్లు, నాకు తెలుసు" అన్నాడు. ఇన్నేళ్లూ ఇల్లు తెలుసన్నమాట.

టిక్కెట్లు తీసుకున్నా. ఫోన్ పెట్టేసే ముందు, ప్రతి ఆదివారంలాగే, అడిగాడు.

"పెడల్ ఎలా ఉందిరా?"

"కొంచెం... ఒక వేలెడు కిందకి దిగినట్టుంది నాన్నా."

"ఊఁ. షూలు ఒదిగి ఉంటాయి. జాకీ పెట్టు, చూద్దాం."